పక్కన పెట్టిన సీసా

అన్యాయం జరిగింది ఎవరికి? సలోమి అనే మనిషికి. ఏమిటా అన్యాయం? పనికిరాదని ఆమె పక్కన పెట్టిన సీసాను మరొకరు నింపి అమ్మారు. దాని వల్ల కీడు జరిగితే, ఆ నేరం ఆమెదని పదిమంది ముందు చెప్పారు. చెప్పినవాడికి నిజం తెలుసు. విన్నవాళ్ళలో ఒకరిద్దరికి తెలుసు. అందరికంటే బాగా నాకు తెలుసు. నేను ఒక గాజు సీసాను. ఆమె పక్కన పెట్టిన సీసాను నేనే.

అసలు విషయం చెప్పేశాను కనుక, ఇక నా పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పుకున్నా తప్పులేదు. నాలోని ఇసుక నెల్లూరు జిల్లా చిల్లకూరు ఇసుక, ఉప్పులాగా తెల్లనిది. అది గూడ్సు బండిలో ఎక్కడికో ఉత్తరాదికి పోయి, కొలిమిలో కరిగి, నేనై మళ్ళీ దక్షిణానికి వచ్చింది. నన్ను చేయించుకున్న కంపెనీ తన పేరును నా పొట్ట మీద ఉబ్బెత్తు అక్షరాలతో పోయించుకుంది. నాలో ఒక్క చుక్కైనా నింపకముందే ఆ కంపెనీ దివాలా తీసింది. బిట్రగుంటలో కొత్తగా కూల్‌డ్రింకు వ్యాపారం మొదలుపెట్టిన దశరథయ్య మమ్మల్ని వేలంలో కొని, ఆ అక్షరాల మీద ఒక పచ్చ కాగితం అతికించాడు. కాగితం మీద 'చలువ' అని ఉండేది. నీళ్ళలో నానితే కాగితం ఊడి, వెనకనుంచి చచ్చిపోయిన కంపెనీ పేరు బయటపడేది. తాగేవాళ్ళు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మనుషులు పైన అతికించినదాన్నే చదువుతారని నాకు ఆనాడే అర్థమయింది.

అప్పుడు బిట్రగుంట అంటే బొగ్గు ఇంజన్ల ఊరు. వచ్చిన ప్రతి బండీ అక్కడ ఆగి, నీళ్ళు తాగి, ఇంజను మార్చుకుని గాని కదిలేది కాదు. ఇంజనుకు నీళ్ళు పట్టేంతసేపూ ప్రయాణికులకూ దాహం వేసేది. ముందు పెట్టెల్లో ఉన్నవాళ్ళకు పెద్ద కంపెనీల పానీయాలు ఐసు పెట్టెల్లోంచి వచ్చేవి. వెనక పెట్టెల వాళ్ళకు, షెడ్డులో మసి మింగే కలాసీలకు, పుట్టింటికి పోతూ పిల్లల ఏడుపు ఆపలేని తల్లులకు మేము. ఉదయగిరి కొండల్లోంచి తెచ్చిన సుగంధి వేర్లు, చక్కెర, నిమ్మ ఉప్పు, గ్యాసు, అంతే మాలో ఉన్నది. ధర సగానికి సగం తక్కువ. పెద్ద కంపెనీ పానీయం కొన్నవాడు దాన్ని నలుగురికీ కనిపించేట్టు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పచార్లు చేసేవాడు. చలువ కొన్నవాడు కిటికీలోంచి చెయ్యి చాచి అందుకుని, గబగబా తాగి, సీసా వెనక్కి ఇచ్చేవాడు. నాకు ఆ రెండోవాడంటేనే మర్యాద. అతనికి నిజంగా దాహం వేసింది.

అయితే సీసాలన్నీ వెంటనే వెనక్కి వచ్చేవి కావు. రైల్వే క్వార్టర్లలోకి పోయినవి నెలల తరబడి ఆ ఇళ్ళలోనే కాపురం చేసేవి. ఒకింట్లో ఆముదం, ఒకింట్లో ఫినాయిలు, ఒకింట్లో మేరీమాత తిరునాళ్ళలో తెచ్చుకున్న దీవెన నీళ్ళు. నన్ను ఇంజన్లో బొగ్గు వేసే ఒక ఫైర్‌మన్ భార్య రేషను కిరసనాయిలుకు పెట్టుకుంది. పొయ్యి పక్కన, గుడ్డ పీలిక మూతితో, ఒక ఏడాది కూర్చున్నాను. తరువాత ఎండాకాలంలో ఆమెకు కూల్‌డ్రింకు తాగాలనిపించి, ఖాళీ సీసా ఇవ్వనిదే నిండు సీసా రాదు గనుక, నన్ను కడిగి తెచ్చి ఇచ్చేసింది. అందులో ఆమె తప్పు లేదు. అందరూ చేసేదే ఆమే చేసింది.

అందుకోసమే దశరథయ్య సలోమిని పెట్టుకున్నాడు. ఆమె పని సీసాల వాసన చూడటం. తిరిగివచ్చిన ప్రతి సీసా ఆమె ముక్కు కిందుగా పోవాలి. దశరథయ్య స్వయంగా ఆ పని చేయలేడు. అతను ముక్కుపొడుం మనిషి, ఆ ముక్కుకు పొగ వాసనా పూల వాసనా ఒకటే. సలోమి భర్త షెడ్డులో కలాసీగా ఉండి చనిపోయాడు. ఆమెకు రూతు అని ఒక్కతే కూతురు. ఆ పిల్ల కాన్వెంటులో ఫీజు లేని సీటులో చదువుకునేది.

ఆ పనిని సలోమి ఒక నిష్ఠలాగా చేసేది. పనిలోకి వచ్చే రోజు పచ్చి ఉల్లిపాయ ముట్టదు, తలలో పూలు పెట్టదు, మొహానికి పౌడరు రాయదు. ఎండ ఎక్కకముందే, గాలికి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. సీసా మూతిని మొదట ఎడమ ముక్కుకు, తరువాత కుడి ముక్కుకు చేర్చేది. వాసనలు కలగాపులగం అయినప్పుడు ఆగి, ఉత్త నీళ్ళలో జాడించిన తన చెంగును ముక్కుకు పట్టుకుని, ముక్కును శుభ్రం చేసుకునేది. మూతలు బిగించే మిషను దగ్గర మస్తాన్ అని వయసులో ఉన్న మనిషి పనిచేసేవాడు. అతను ఆమెను ఆటపట్టించని పూట లేదు.

"మే సలోమీ, నా చొక్కా వాసన జూసి, నిన్న నేను యాడికి పొయినానో చెప్పు మే."

"నీ చొక్కా వాసన జూస్తే ఈ పూటకి నా ముక్కు చచ్చిపోద్ది. అవతలకి పో నాయనా."

కిరసనాయిలు, ఫినాయిలు సోకిన సీసాలను ఆమె ఉత్తరపు గోడ వారన విడిగా పెట్టించేది. వాటిలో బూడిద, చింతపండు పిప్పి కలిపిన నీళ్ళు నింపి, ఎండలో నెలల పాటు నిలబెట్టి, మళ్ళీ వాసన చూసి, అప్పుడు గాని లోపలికి రానిచ్చేది కాదు. నా వంతు వచ్చినప్పుడు నన్ను ఎడమ ముక్కుకు చేర్చింది. కుడి ముక్కు దాకా పోవలసిన అవసరమే రాలేదు. "కిర్సనాయిలు" అని ఒక్క మాట అని, గోడ వారన పెట్టించింది. ఆమె చేతిలో నాకు అవమానం అనిపించలేదు. నాలో ఏముందో ఉన్నది ఉన్నట్టు చెప్పిన మొదటి మనిషి ఆమె.

ఆ ఏడాది ఏప్రిల్ నెలలోనే లోకో ఫోర్‌మన్ జోగారావు కూతురి పెళ్ళి. ఊరికి ఫోర్‌మన్ అంటే చిన్నవాడు కాదు. పెళ్ళి పందిట్లో ప్రతి మనిషి చేతిలో చలువ సీసా పెడతానని దశరథయ్య మాట ఇచ్చాడు. తీరా చూస్తే సీసాలు చాలలేదు. ఎండలకు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ కుండ పక్కన ఒకటో రెండో చిక్కుకుపోయాయి. పెళ్ళి దగ్గరపడ్డ ఒక మధ్యాహ్నం, సలోమి పని ముగించుకుని ఇంటికి పోయాక, అతను ఉత్తరపు గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మమ్మల్ని బట్టల సోడా వేసిన వేడినీళ్ళలో కడిగి లోపలికి తెమ్మన్నాడు.

"అయ్యా, అయ్యి సలోమి పక్కన బెట్టినయ్యి," అన్నాడు మస్తాన్.

"సుగంధి వాసన ముందర ఇంకో వాసన నిలబడద్దా? తే, తే."

కడిగిన తరువాత దశరథయ్య వంగి, పొడుం పట్టిన ముక్కుతో నన్ను స్వయంగా వాసన చూశాడు. తృప్తిగా తల ఊపాడు. అతని జీవితంలో ఆ తల ఊపు కంటే పెద్ద తప్పు లేదు, ఒకటి తప్ప. దాని దగ్గరికే వస్తున్నాను.

గాజుకు కిరసనాయిలు అంటదనుకుంటారు. నా అడుగున, అచ్చు కలిసిన చోట, ఒక సన్నని గీత ఉంది. అందులో అది దాక్కుంది. నన్ను నింపారు, మస్తాన్ మూత బిగించాడు. పందిట్లో నేను జోగారావు అక్కగారి చేతికి వెళ్ళాను. దాహంతో ఉన్న పెద్దావిడ, సగం ఒక్క గుక్కలో తాగేసింది. తరువాత అరుగు మీదే కూలబడి వాంతి చేసుకుంది. నాతోపాటు గోడ దగ్గరినుంచి వచ్చిన తక్కిన సీసాలు తాగిన ఆడవాళ్ళు కూడా అట్లాగే అయ్యారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. కాని తాళి కట్టే సమయానికి పందిరంతా గబ్బు కొట్టింది, పెళ్ళివారు మొహం తిప్పుకున్నారు, ఫోర్‌మన్ పరువు పోయింది.

మరునాడు జోగారావు నన్ను చేత్తో పట్టుకుని ఫ్యాక్టరీ దొడ్లోకి వచ్చాడు. అతని అక్కగారు, బంధువులు, షెడ్డు మనుషులు, మస్తాన్, ఇరుగుపొరుగు, కాన్వెంటు మదరు కూడా వచ్చి నిలబడ్డారు. దశరథయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. తన వ్యాపారం ఆ క్షణంలో మిగులుతుందో పోతుందో అతనికి తెలియదు. అప్పుడు అతను చెయ్యి చాచి సలోమిని చూపించాడు. వాసన చూసేది ఆమె అని, ఆమె వదిలేసిందని అన్నాడు.

"నేను దాన్ని పక్కన బెట్టినాను అయ్యా. మీకు తెలుసు," అన్నది సలోమి.

దశరథయ్య మస్తాన్ వైపు చూశాడు. మస్తాన్ నేల చూశాడు. అతనికి పెళ్ళాం, ముసలి తల్లి ఉన్నారు; ఆ మిషను తప్ప వేరే ఆధారం లేదు. అటువంటి మౌనాలకు ఎప్పుడూ మంచి కారణాలే ఉంటాయి.

రూతు బడి నుంచి వచ్చి తల్లి వెనక నిలబడి ఉంది. దశరథయ్య ఆ పిల్ల ముందు వంగి, ఎంతో ప్రేమగా అడిగాడు: "పాపా, నువ్వు అబద్ధం చెప్పవు గదా. మీ అమ్మకి జలుబు చేసిందా, లేదా?"

ఆ పిల్ల మదరు వైపు చూసింది. అబద్ధం ఆడకూడదని ఆమెకు నేర్పింది మదరే. "చేసింది," అన్నది.

నిజమే. సలోమికి ఆ వారంలో జలుబు చేసింది. కాని నన్ను వాసన చూసిన రోజుకు ఆమెకు జలుబు లేదు; పెళ్ళి ముందురోజు, నన్ను నింపిన తరువాత పట్టుకుంది. ఆ సంగతి పిల్లను ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పవచ్చునని కాన్వెంటులో నేర్పలేదు. దొడ్లో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. నిజం దొరికిందనుకున్నారు.

ఇక అందరికీ దయ పుట్టింది. జోగారావు, "పోనీలే, మొగుడు లేని మనిషి, బిడ్డ తల్లి, క్షమించినాం," అన్నాడు. అక్కగారు క్షమించింది. దశరథయ్య సైతం క్షమించాడు.

సలోమి తల ఎత్తి, "నేను చెయ్యని దానికి నన్ను క్షమించబాకండి," అన్నది.

అది పొగరనుకున్నారు. ఆమె పని ఆ మాటతోనే పోయింది. జోగారావు విసిరికొట్టినప్పుడు నేను బురదలో పడి పగలకుండా మిగిలాను. సలోమి నన్ను తీసి, చెంగుతో తుడిచి, ఇంటికి తీసుకుపోయింది.

ఆ తరువాత ఏ ఇంట్లోనూ ఆమెను వంటగదిలోకి రానివ్వలేదు. ఏ హోటలువాడూ గిన్నె ముట్టనివ్వలేదు. ఆమె షెడ్డు వెనక, ఇంజన్లు కుమ్మరించిన బూడిదలో కాలీకాలని బొగ్గు ఏరి అమ్మే ఆడవాళ్ళతో చేరింది. ఆ దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చింది. మొదట దగ్గు వచ్చింది. తరువాత వాసనలు ఒక్కొక్కటే వదిలిపోయాయి. వాన వాసన పోయింది, అన్నం ఉడికే వాసన పోయింది. ఒకనాడు సాయంత్రం నన్ను గూట్లోంచి తీసి, ఎడమ ముక్కుకు చేర్చింది. తరువాత కుడి ముక్కుకు. చాలాసేపు అట్లాగే పట్టుకుని, తిరిగి గూట్లో పెట్టింది. అంతకుముందు ఆమె కన్నీరు పెట్టగా నేను చూడలేదు.

రూతు సీటును కాన్వెంటు తీసివేయలేదు. తల్లి తప్పుకు బిడ్డను శిక్షించకూడదని మదరు అన్నారు. ఆ మాటలో 'తప్పు' అనేది సలోమికి ముల్లులాగా గుచ్చుకుంది. కాని బిడ్డ చదువు కోసం ఎదురు చెప్పలేదు. రూతు బాగా చదివి, గూడూరులో ఒక కాన్వెంటు బడిలో టీచరయింది. పండుగలకు వచ్చేది, మందులు తెచ్చేది, తల్లి కాళ్ళకు నూనె రాసేది. ఆ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తేది కాదు. ఎత్తకపోవడమే తాను చూపుతున్న దయ అని ఆమె నమ్మింది. సలోమి ఒకటి రెండుసార్లు మొదలుపెట్టినా, "పోనీలే అమ్మా, అందరం పొరపాటు చేస్తాం," అనేది. ఆ కూతురు తల్లిని ప్రేమించింది. నమ్మలేదు. ఒకే గదిలో ఆ రెండూ కలిసి ఉండటం గూట్లోంచి చూస్తూ వచ్చాను.

చలువ మాత్రం చెడిపోలేదు. తప్పు చేసిన మనిషిని తీసేశారట అని జనం ఇంకా నమ్మకంగా కొన్నారు. దశరథయ్య వ్యాను కొన్నాడు, కావలి దాకా సరుకు పంపాడు. దాన్ని చంపింది మా పాపం కాదు, కాలం. బొగ్గు ఇంజన్లు పోయాయి. కరెంటు బండ్లకు దాహం లేదు, అవి ఆగకుండా సాగిపోయాయి. షెడ్డు మూతపడింది, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, వాటి గోడల్లో రావి మొక్కలు లేచాయి. చివరికి ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి. వాటిని ఎవరూ తిరిగి ఇవ్వరు, ఎవరూ వాసన చూడరు. చలువ ఫ్యాక్టరీ తలుపుకు తాళం పడింది.

ఒక మధ్యాహ్నం దశరథయ్య సలోమి గుమ్మం ముందుకు వచ్చాడు. ముసలివాడయ్యాడు. డాక్టర్లు ముక్కుపొడుం మానిపించారని చెప్పాడు. మానిన కొన్నాళ్ళకు వాసనలు తిరిగివచ్చాయట. పాత సీసాలు తుక్కుకు అమ్ముదామని దొడ్లోకి పోయి, గోడ వారన మిగిలిన ఒకదాన్ని ఊరికే ముక్కు దగ్గర పెట్టుకున్నాడట. కిరసనాయిలు వాసన ఇంకా అట్లాగే ఉందట. అన్నం తినబుద్ధి కావడం లేదట. తన ఇంట్లో ఒక వాటా రూతు పేర రాస్తానన్నాడు. చేతులు జోడించి, క్షమించమన్నాడు.

"క్షమించేది ఉంటే అప్పుడే క్షమించుండేదాన్ని," అన్నది సలోమి. "నీ ఇల్లు నాకొద్దు. ఆ పొద్దు దొడ్లో నిలబడినోళ్ళందరికీ నా మీద అబద్ధం చెప్పినావు. వాళ్ళందరికీ నిజం చెప్పు."

"వాళ్ళంతా యాడుండారో సలోమీ? షెడ్డు మూసినాక తలా ఒక దిక్కు పొయినారు."

"రైళ్ళు తిరగతానే ఉండాయి గదా."

ఆమె పేర్లు చెప్పింది, ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో కూడా చెప్పింది. అన్నీ ఆమెకు జ్ఞాపకమే. తరువాత నన్ను గూట్లోంచి తీసి అతని చేతిలో పెట్టింది. "వట్టి చేతుల్తో పోబాకు. ఇదిగో, దీన్ని చూపించి చెప్పు."

అట్లా నేను ఒక గుడ్డసంచిలో ఊళ్ళు తిరిగాను. మొదట కావలిలో మస్తాన్ దగ్గరికి పోయాం. సైకిళ్ళకు పంక్చర్లు వేసుకుంటున్నాడు. దశరథయ్య నోరు తెరిచేలోగానే, "నాకేం జెప్తావయ్యా? నింపింది నేనే గదా," అని ఏడ్చాడు. దుకాణం మూసి తానూ వెంట వచ్చాడు. విజయవాడలో జోగారావు మంచం మీద ఉన్నాడు. అంతా విని, విసుగ్గా, "ఇప్పుడెందుకయ్యా ఆ పాత గోల, అప్పుడే క్షమించేశాం కదా," అన్నాడు. దశరథయ్య కదలలేదు. "ఆమెలో క్షమించాల్సిందేమీ లేదు, నా తప్పు అది. వింటిని అని చెప్పండి," అని, ఆ మాట అనిపించుకునేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు. అక్కగారు మాత్రం నన్ను చూసి గుర్తుపట్టి, చేతుల్లోకి తీసుకుంది. ఒకాయన నవ్వాడు. ఒకావిడ నాకెప్పుడూ అనుమానమే అన్నది. అటువంటివాళ్ళు ఆనాడు దొడ్లో నోరెత్తలేదు. మదరు చనిపోయి నెల్లూరు సమాధుల తోటలో ఉన్నారు. చనిపోయినవాళ్ళకు కూడా చెప్పాలా అని మస్తాన్ అడిగితే, "వాళ్ళను వదిలెయ్యమని ఆమె చెప్పలేదు," అన్నాడు దశరథయ్య. సమాధి ముందు నిలబడి, తోటమాలి వింతగా చూస్తూ ఉండగా, గట్టిగా చెప్పాడు.

ఇక మిగిలింది రూతు. గూడూరులో బడి వదిలాక, ఖాళీ తరగతి గదిలో, ఆమె కుర్చీలో కూర్చుని విన్నది. గోడ వారన పెట్టిన సంగతి, కడిగించిన సంగతి, జలుబు గురించి అడిగిన ప్రశ్నను కావాలనే అట్లా కత్తిరించి అడిగిన సంగతి, అన్నీ చెప్పాడు. ఆమె నన్ను అందుకుని ఎడమ ముక్కుకు చేర్చింది. ఆ ముక్కు తల్లిదే. ఆమె కళ్ళు మూసుకున్నది.

"నేను మా అమ్మని ఇన్నేళ్ళూ క్షమిస్తా వచ్చినాను," అన్నది. "ప్రతి రాత్రీ ప్రార్థనలో క్షమించినాను. ఏమీ చెయ్యని మనిషిని."

నన్ను ఒడిలో పెట్టుకుని, బిట్రగుంటకు బండి ఎప్పుడని అడిగింది.

ప్యాసింజరు బండిలో బిట్రగుంటకు వచ్చాం. సలోమి నులక మంచం మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊపిరి తీసుకోవడమే ఆమెకు పనయిపోయింది. రూతు గడప దాటీ దాటకముందే నేల మీద కూలబడి, తల్లి మోకాళ్ళలో మొహం పెట్టి, తనను క్షమించమని అడిగింది.

"నిన్నెందుకు క్షమించాలమ్మా?" అన్నది సలోమి. "నిన్ను ఒకటి అడిగినారు. ఉండేది ఉండేట్టు చెప్పినావు. నీది తప్పు గాదు. క్షమించడం అంటే తప్పు చేసినావని చెప్పినట్టు. నేను చెప్పను."

రూతు వెక్కిళ్ళు ఆగేదాకా ఆమె కూతురి తల మీద చెయ్యి పెట్టి ఉంచింది. కూతురి జుట్టు మీదికి వంగి, గట్టిగా ఒక్కసారి ఊపిరి పీల్చింది. ఏ వాసనా రాలేదని ఆమె మొహం చూసి తెలుసుకున్నాను. మళ్ళీ నిటారుగా కూర్చుని, గుమ్మంలో నిలబడిన దశరథయ్య వైపు తిరిగింది.

"అందరూ అయిపొయినారా?"

"అయిపొయినారు. ఈ బిడ్డే ఆఖరు."

"ఎవురినీ వదల్లేదు గదా?"

"వదల్లేదు సలోమమ్మా."

ఆమె అతని మొహాన్ని చాలాసేపు చూసింది, ఒకప్పుడు సీసాలను పరీక్షించినట్టే, తొందర లేకుండా.

"అయితే మీరు నాకేమీ బాకీ లేరు," అన్నది. తరువాత కూతురితో, "ఆ పీట ఇట్ట వెయ్యి. అయ్యను కూచోమను. శానా దూరం తిరిగొచ్చినాడు," అన్నది.